మూడు నెలల గడువు: అడవి హద్దుల మీద జనాన్ని అడిగిన చరిత్ర

మన అడవుల చరిత్ర చెప్పేటప్పుడు ఒక కథ స్థిరపడిపోయింది. తెల్లదొరలు ఎవరినీ అడక్కుండా అడవులు లాక్కున్నారు, జనం తిరగబడ్డారు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం అదే తంతు సాగింది, 1990ల నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యం, పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ చట్టం), అటవీ హక్కుల చట్టం వరసగా వచ్చి ఊరివాళ్లను అడగడం మొదలైంది. సర్కారు చెప్పుకునేదీ ఇదే, సర్కారును తప్పుపట్టేవాళ్లు చెప్పేదీ చాలావరకు ఇదే. ఈ కథలో మొదటి మాటే సరికాదని నా అభిప్రాయం. ఏజెన్సీ కొండల సంగతి వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలోని మెట్ట తాలూకాల్లో, అంటే పల్నాడు, నెల్లూరు పడమటి భాగం, కడప, కర్నూలు ప్రాంతాల్లో, అడవిని అడిగి మరీ తీసుకున్నారు. చట్టం చెప్పినట్టు ఊరూరా చాటించారు, అర్జీలు పెట్టుకొమ్మన్నారు, గడువిచ్చారు, విచారణ జరిపారు. హక్కు పోయింది ఆ అడిగిన తీరులోనే. కాబట్టి అడిగారా లేదా అన్న దగ్గర ఆగిపోతే ఈ చరిత్ర అర్థం కాదు. రుజువు చేసుకునే భారం ఎవరి మీద పెట్టారు, ఊరు మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని ఏమని రాసుకున్నారు అన్నవే చూడాల్సినవి.

అంతకు ముందరి కాలం తెలిసిందే కాబట్టి త్వరగా దాటవచ్చు. పుల్లరి ఇంగ్లీషువాళ్లు పుట్టించిన మాట కాదు. కాకతీయుల నాటి పన్నుల్లోనే ఇల్లరి పక్కన పుల్లరి కనిపిస్తుంది. గడ్డికి రాజు సుంకం తీసుకోవడం పాత అలవాటే. నెల్లూరు, గుంటూరు పల్లెల మందలు ఎండాకాలంలో నల్లమలకు పోయి వానలకు తిరిగొచ్చేవి. అప్పుడు వసూలు చేసేది పన్ను. నేల మీద గీత గీసి దాని అవతల కాలు పెడితే నేరం అనే పద్ధతి 19వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. అది వచ్చేటప్పుడు పాలకుల్లోనే తగువు జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదనీ, అందులో ఊరివాళ్లకు అనాదిగా హక్కులున్నాయనీ 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డే అభ్యంతరం పెట్టింది. ఊరివాళ్లు ఇన్నాళ్లూ వాడుకున్నది హక్కు అని డీట్రిక్ బ్రాండిస్ లాంటి అటవీ అధికారులు చాలావరకు ఒప్పుకున్నారు. సర్కారు రాసి ఇవ్వనిది హక్కు కాదు, దయతో చూసీచూడనట్టు వదిలిన వెసులుబాటు మాత్రమే అని మరో అధికారి బేడెన్ పావెల్ వాదించాడు. 1878 భారత అటవీ చట్టం బేడెన్ పావెల్ వైపు మొగ్గింది. మద్రాసు దాన్ని ఒప్పుకోక, నాలుగేళ్ల తరవాత 1882లో సొంత చట్టం చేసుకుంది. ఆ చట్టం రూపొందడంలో బ్రాండిస్ చెయ్యి ఉంది. అందుకే మద్రాసు చట్టం మెత్తనిదన్న పేరు నిలిచింది. ఆ పేరు ఎంతవరకు నిజమో తేల్చాలంటే అందులోని విచారణ పద్ధతిని దగ్గరగా చూడాలి.

ఫలానా భూమిని రిజర్వు అడవి చేయదలిచామని సర్కారు ముందుగా ప్రకటిస్తుంది. తరవాత ఫారెస్టు సెటిల్‌మెంటు ఆఫీసరు వస్తాడు. హద్దులు చెప్పి, హక్కులున్నవాళ్లు రాతపూర్వకంగానో స్వయంగా హాజరయ్యో చెప్పుకోవాలని చుట్టుపక్కల ఊళ్లలో ప్రకటిస్తాడు. దానికి మూడు నెలలకు తగ్గని గడువు ఇస్తాడు. దారి, నీటి కాలువ, మేత, అటవీ ఉత్పత్తులు అన్న తరగతుల వారీగా అర్జీలు విచారిస్తాడు. ఆయన తీర్పు నచ్చకపోతే అప్పీలు ఉంది. కాగితం మీద ఇది ఆనాటి లెక్కకు మంచి పద్ధతే. కానీ గడువు లోపల చెప్పుకోని హక్కు చెల్లిపోతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే తప్ప, తుది ప్రకటన వచ్చాక దాని గురించి మాట్లాడటానికి లేదు. మొత్తం వ్యవహారానికి ఇదే ఇరుసు. ఊరు ఏమీ అనకపోవడాన్ని ఊరికి ఏమీ లేదని రాసుకునే హక్కు సర్కారుకు వచ్చింది.

అర్జీ పెట్టగలిగేది ఎవరు? పట్టా ఉన్న రైతు తన పొలానికి పోయే డొంకదారిని అడగగలడు, తన చేనికి వచ్చే వాగు కాలువను చూపగలడు. వాటిని ఒప్పుకోవడం ఆఫీసరుకూ తేలికే. ఎందుకంటే అవి ఒక మనిషికీ ఒక సర్వే నంబరుకూ కట్టుబడి ఉంటాయి. మేత అలా కాదు. అది ఊరందరిదీ, ఒక్కో ఏడు పొరుగూరిది కూడా. వాన బాగా పడిన ఏడు ఎవరికీ పట్టదు, కరువొచ్చిన ఏడు అదే ప్రాణం. ఎండుకట్టెలు ఏరుకునే ఆడవాళ్లు, పచ్చిరొట్ట కోసుకునే కౌలుదారు, వెదురు కొట్టుకునే మేదరి, ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే కనిపించే మందల కాపరి, తేనె తీసే చెంచు, వీళ్లలో ఎవరి దగ్గరా చూపించడానికి కాగితం లేదు. చాటింపు వేసిన నెలల్లో కాపరి ఆ ఊళ్లోనే ఉండకపోవచ్చు. ఇన్నేళ్లుగా ఎవరూ అడ్డుచెప్పని దాన్ని నాదని రాసి ఇవ్వాలన్న సంగతి చాలామందికి తట్టి కూడా ఉండదు. గాలి పీల్చుకోవడానికి ఎవరూ అర్జీ పెట్టరు కదా. దారి హక్కయింది, కాలువ హక్కయింది. మేత, కట్టెలు రుసుము కట్టి పర్మిట్టు తీసుకునే వెసులుబాటు అయ్యాయి. సూత్రంలో ఓడిన బేడెన్ పావెల్ మద్రాసు విచారణ గదిలో గెలిచాడు.

రిజర్వు చేయకపోతే అసలు అడవే మిగిలేది కాదు అన్న అభ్యంతరం ఇక్కడ వస్తుంది. అందులో బలం ఉంది. రైలు ఇంజన్లకు కట్టెలు, పట్టాల కింద దిమ్మలు సరఫరా చేస్తూ కాంట్రాక్టర్లు మెట్ట అడవులను ఎలా ఊడ్చేశారో అప్పటి అధికారులే రాశారు. కానీ ఆ నష్టానికి కారణం రైలు గిరాకీ అయితే, కట్టడి గడ్డి మేసే ఆవు మీదా మేక మీదా పడటం ఎందుకు? అడవికి హద్దు వేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఎవరి వాడకం అడవిని తింటోంది, ఎవరి వాడకం అడవితో కలిసి బతుకుతోంది అన్న తేడా తేల్చే ప్రశ్న ఆ విచారణలో లేదని మాత్రమే నా ఫిర్యాదు. అర్జీదారుడికి కాగితం ఉందా లేదా అన్నది చూశారు గానీ, అతని పశువుల వల్ల నిజంగా చేటు ఉందా అన్నది చూడలేదు.

దీని ఫలితం ముప్పై ఏళ్లకు బయటపడింది. చరిత్ర పుస్తకాలు 1879-80 రంప పితూరీ నుంచి నేరుగా 1921 పల్నాడు పుల్లరి సత్యాగ్రహానికి దూకుతాయి. మధ్యలో ఉన్న 1912-13 మద్రాసు ఫారెస్టు కమిటీకి ఒకటో రెండో వాక్యాలు దక్కితే ఎక్కువ. నా దృష్టిలో అదే కీలకం. అడవి రూల్స్ మీద ఫిర్యాదులు ముదిరి, సర్కారే వేసిన కమిటీ అది. జిల్లాలు తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. దాని ముందుకు వచ్చిన బాధలు పెద్ద సిద్ధాంతాలేమీ కావు. రిజర్వు గీత ఊరి ఇళ్ల దాకా, బావి దాకా వచ్చేసింది. పశువు నీళ్లకు పోతే గీత దాటినట్టే. దాటితే బందెలదొడ్డి, లేదా కేసు, లేదా కేసు కాకుండా రాజీ రుసుము, దానిపైన ఫారెస్టు గార్డు చేతికి మామూలు. మేకను అడవికి శత్రువుగా చూశారు. 1882లో మౌనంగా ఉన్నారని రాసుకున్న జనం 1913 నాటికి ఇంత మాట్లాడారంటే, మొదటి మౌనం ఒప్పుకోలు కాదని అర్థం. సెటిల్‌మెంటు ఆఫీసరు అడిగినప్పుడు తమ మీద పడబోయేది ఏమిటో వాళ్లకు తెలియదు. గీత పడి, దొడ్డికి పశువును తోలుకెళ్లాక తెలిసింది. ఏదైనా నియమం గురించి ఒక్కసారి, అదీ నియమం అమల్లోకి రాకముందే, అడిగి ఊరుకోవడంలో ఉన్న లోపాన్ని దీనికంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఆ కమిటీ నిష్ఫలమైందని అనలేను. అటవీ శాఖ చేతుల్లో ఉంచుకోవాల్సినంత విలువలేని రిజర్వులను, ఊరి అవసరాలకు పనికొచ్చే చిన్న అడవులను పంచాయతీలకు అప్పగించాలని అది సిఫార్సు చేసింది. ఆ తరవాతి ఏళ్లలో ఫారెస్టు పంచాయతీలు ఏర్పడ్డాయి కూడా. మద్రాసు సర్కారు జనం మాట వింది అనేవాళ్లకు ఇదే పెద్ద ఆధారం. అయితే పంచాయతీకి అడవి దక్కింది హక్కుగా కాదు. ఏటా సర్కారుకు ఇంత అని కట్టే ఒప్పందం మీద దక్కింది. ఆ సొమ్ము రాబట్టుకోవడానికి పంచాయతీ మళ్లీ ఊరి పశువుల మీదే రుసుము వేయాలి. పర్మిట్టు ఇచ్చే చెయ్యి మారింది, పర్మిట్టు పోలేదు. పైగా పంచాయతీ అంటే ఊళ్లో పెద్ద కమతాలున్నవాళ్లే. మేకలు కాచుకునేవాడికి గార్డు పోయి మోతుబరి వచ్చాడు. అడిగిన ప్రశ్నకు జనం చెప్పిన జవాబు ఒకటి, ఇచ్చింది మరొకటి.

అందుకే పల్నాడు పుల్లరి సత్యాగ్రహాన్ని సహాయ నిరాకరణలో ఒక పాయగా మాత్రమే చూసే అలవాటు నాకు చాలదనిపిస్తుంది. కాంగ్రెసు ఊపు, కరువు, రెండూ ఉన్నాయి. వాటిని కాదనడం అన్యాయం. 1921లో జనం పర్మిట్లు లేకుండా పశువులను అడవిలోకి తోలారు, అధికారులను సాంఘికంగా వెలివేశారు. కానీ తేదీలు చూడండి. చౌరీచౌరా తరవాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో ఉద్యమాన్ని ఆపేశారు. పల్నాడు ఉన్న గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు పన్నుల నిరాకరణ దాదాపు ఆ రోజుల్లోనే ముగిసింది. పుల్లరి పోరాట నాయకుడు, మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఆ ఫిబ్రవరి చివరి వారంలో, పైనుంచి ఆపమన్న మాట వచ్చాక. పై పిలుపు మీదే నిలబడిన పోరాటమైతే ఆ పిలుపుతోనే ఆగాలి. పుల్లరి పోరాటానికి సొంత వేరు ఉందనీ, అది 1882 చాటింపు నుంచి 1913 కమిటీ మీదుగా వచ్చిందనీ నేను అనుకోవడానికి ఇదొక కారణం. దీన్నే తుది రుజువు అనను. కబురు మారుమూలకు చేరడానికి పట్టే ఆలస్యాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అయినా ఊరివాళ్లను రెండుసార్లు పద్ధతి ప్రకారం అడిగారు, మూడోసారి వాళ్లే పశువులను తోలారు అన్న వరస చెరగదు.

నిజాం రాజ్యంలో ఈ విచారణ మర్యాద కూడా అంతగా లేదు. అక్కడ అడగడమన్నది 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక మొదలైంది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపి గోండుల మాట రాయించారు, కొంతమందికి పట్టాలిచ్చారు. నెత్తురు పారితే గానీ ప్రశ్న పుట్టకపోవడం మరో రకం చరిత్ర, దాన్ని విడిగా రాయాలి.

1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వన సంరక్షణ సమితుల్లో నాకు 1913 పంచాయతీ నీడే కనిపిస్తుంది. ప్రపంచ బ్యాంకు సొమ్ముతో అవి వేలల్లో విస్తరించాయి. సమావేశాలు జరిగాయి, తీర్మానాలు రాశారు. కానీ పోడు చేసుకునేవాళ్ల నేలే చాలాచోట్ల సమితి నేల అయింది. 1996 పెసా చట్టం భాష ఇంకా జాగ్రత్తగా చదవాల్సినది. చిన్న ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి అంది. భూసేకరణకు మాత్రం సంప్రదిస్తే చాలంది. సంప్రదించడమంటే విని పక్కన పెట్టే స్వేచ్ఛ కూడా. 2006 అటవీ హక్కుల చట్టం ఈ వరసలో నిజమైన మలుపని ఒప్పుకోవాలి. విచిత్రంగా అందులోనూ క్లెయిములకు మూడు నెలల గడువే. కానీ ఈసారి గడువును పెంచే అధికారం గ్రామసభకే ఉంది. గడువు దాటితే హక్కు చెల్లిపోతుందన్న మాట లేదు. కాగితం లేనిచోట ఊరి పెద్దల వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుంది. మేతను, అడవిని కాపాడుకునే బాధ్యతను సామూహిక హక్కుగా రాసింది. 1882లో లేనివన్నీ ఇందులో ఉన్నాయి. 2013లో ఒడిశాలోని నియమగిరి చుట్టూ పన్నెండు గ్రామసభలు సుప్రీంకోర్టు ఆదేశం మీద కూర్చుని, పన్నెండూ గనులు వద్దన్నప్పుడు ఆ మాట నిలిచింది కూడా.

అక్కడి నుంచి మళ్లీ వెనక్కి జారుతున్నాం. అటవీ సంరక్షణ చట్టం మార్పుల మీద 2021 అక్టోబరు 2న చర్చాపత్రం పెట్టి, జనం అభిప్రాయాలకు మొదట పదిహేను రోజులే ఇచ్చారు. ఆ తరవాతే గడువు పెంచారు. ఇంగ్లీషు ప్రభువుల మూడు నెలలతో పోల్చి చూసుకోవచ్చు. ఊరి భాషలో చాటాలన్న షరతు 1878 చట్టంలోనే ఉండగా, 2020 పర్యావరణ ప్రభావ ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలు భాషల్లోకి తేవాలని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2022 అటవీ సంరక్షణ నియమాలు గ్రామసభ సమ్మతి చూసుకునే పనిని కేంద్రం ఆమోదం తరవాతి దశకు, రాష్ట్రాల మీదకు తోశాయి. అనుమతి ఇచ్చేశాక అడిగే ప్రశ్నకు వద్దనే జవాబు ఎక్కడ పడుతుంది?

తెలంగాణలో 2023లో సుమారు లక్షన్నర మంది గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చారు. అది మంచి పనే, ఆలస్యంగా జరిగింది. కానీ వ్యక్తి పేరున ఉన్న ఎకరం దగ్గరే మన ఊహ ఆగిపోతోంది. ఉమ్మడి మేత, ఉమ్మడి దారి ఇప్పటికీ వెనకబడే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన సామూహిక పత్రాల్లో చాలావాటిని గ్రామసభకు బదులు వన సంరక్షణ సమితుల పేరిట రాశారన్న విమర్శ వచ్చింది. దానికి సరైన జవాబు రాలేదు. గిరిజనేతరుల స్థితి మరీ కష్టం. మూడు తరాలు, అంటే 2005 డిసెంబరుకు ముందు డెబ్బయ్యయిదేళ్లు, అడవి మీద ఆధారపడి బతికామని వాళ్లు రుజువు చేసుకోవాలి. రుజువు భారం మళ్లీ కాపరి మీదకే వచ్చింది. పల్నాడులో పుల్లరి కట్టనన్న కుటుంబం మనవడు ఈ చట్టం కింద మేత హక్కు అడిగితే, 1930కి ముందు తన తాత అడవిలో పశువులు మేపాడని ఏం చూపించగలడు? అటవీ హక్కుల నియమాలు కోర్టు రికార్డులను సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. పర్మిట్టు లేకుండా అడవిలోకి పశువులను తోలాడని 1921లో తాత మీద పెట్టిన కేసు కాగితం ఎక్కడైనా మిగిలి ఉంటే, అతనికి ఇప్పుడు అంతకంటే గట్టి ఆధారం ఉండదు.