గండికోటనుండి వీడ్కోలు

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై కువైటు పోవువారిని సాగనంపుటకు నేనును పలుమారులు బస్సునొద్దకు పోయియున్నాను. బండి కదలువేళ తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనును. తండ్రి మాత్రము "కాగితములు భద్రమేనా?" అని అడుగును. ఆ మాట విన్నపుడెల్ల నాకు గండికోట జ్ఞాపకమునకు వచ్చును. పరదేశములోని పనివానికి అనుమతిపత్రముల చిక్కు నేడు పుట్టినది కాదు. 370 సంవత్సరములకు పూర్వము మన సీమయందే అది యుండెను. అప్పుడు పరదేశులు ఐరోపావారు. వారికి పరదేశము మనది.

జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పెన్నానది లోయ యంచున గండికోట యున్నది. పెమ్మసాని నాయకులనుండి దానిని గోలకొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా గెలుచుకొనెను. 1652 సెప్టెంబరులో టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు తన సరకును అతనికి చూపుటకై ఈ కోటకు వచ్చెను. ఆతడు తాను చూచినదంతయు వ్రాసిపెట్టెను. ఆ గ్రంథము 1676లో పారిసు నగరమున అచ్చయ్యెను.

అప్పటికి కోటలో ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు, డచ్చివారు, ఇటలీవారు ఫిరంగిపనిలో నుండిరి. వారిలో బూర్జ్ పట్టణస్థుడైన క్లాడ్ మాయే లోహము కరగించి పోతపోయు పనివాడు. ఇరువది ఫిరంగులు పోయుమని మీర్ జుమ్లా యాజ్ఞ. అందులకు రాగి చాలక దేవాలయములలోని విగ్రహములను తెప్పించిరి. కొన్ని కరగినవి గాని, గండికోట గుడిలోని ఆరు రాగి విగ్రహములు మాత్రము కరగలేదట. అది అర్చకుల మంత్రబలమని మాయే అనెనట! మంత్రబలమో, కొలిమి బలము చాలకపోవుటయో మీరే యోచింపుడు. ఆ విగ్రహములను పోసిన శిల్పి యెవరో టావెర్నియర్ వ్రాయలేదు. మాయే పేరు నిలిచినది గాని, ఆతని ఫిరంగి యొక్కటియు సరిగా ముగియలేదు. కడపట ఆతడు కొలువు విడిచిపోయెను.

తక్కిన ఫిరంగివాండ్ర కథ మరియొకటి. నాలుగు నెలల జీతము రాలేదు. ఇయ్యనిచో వేరుచోట కొలువు చూచుకొందుమని వారు మీర్ జుమ్లాతో చెప్పిరి. ఆతడు మూడు నెలల జీతమిచ్చి, నాలుగవదానికి గడువు పెట్టెను. చేతికి సొమ్ము వచ్చినంతనే వారు ఒకరికొకరు విందులు చేసికొనిరి. అందు సగమునకు మించి ఆటకత్తెల పాలయ్యెను. ఇంటికి దూరమైనవాడు స్నేహితులలో ఇల్లు వెదకుకొనుట ఏ కాలమునను ఉన్నదే.

కాని వేరుచోటికి పోవుదుమని చెప్పినంత సులభము కాదు పోవుట. కర్ణాటక, గోలకొండ సీమల నడుమ నొక నది యుండెను. సైనికులు పారిపోకుండుటకై, మీర్ జుమ్లా అనుమతి లేనిదే దానిని దాటనీయరు. టావెర్నియర్ సెలవు తీసికొన్నపుడు, ఆ నది దాటించుటకై పదునార్గురు రౌతులు వెంట పంపబడిరి. రత్నవర్తకునకు వీడ్కోలు సులభమయ్యెను. విందులో ఆతనితో కూర్చుండగల ఫిరంగివానికి ఆ నది గోడవలె నిలిచెను. వీడ్కోలు చెప్పుటకు స్నేహితులుండిన చాలదు. పోవుటకు సెలవును ఉండవలెను.

ఇక్కడ నొక విచిత్రము గలదు. సెలవులిచ్చు మీర్ జుమ్లాయు పరదేశియే. పారసీకమున పుట్టి, వర్తకముపై వచ్చినవాడు. 1655లో సుల్తానుతో వైరము ముదిరి, ఆతని కుమారుడు మహమ్మదు అమీను గోలకొండలో బందీ యయ్యెను. ఇతరులకు నది దాటు అనుమతి ఇచ్చినవాడు తన కుమారుని విడిపించుకొనుటకు మొగలులను ఆశ్రయింపవలసివచ్చెను. 1663లో తూర్పున బెంగాలు సీమలో మరణించెను; పుట్టిన దేశమునకు తిరిగి పోలేదు.

2025 జూలై 1 నుండి కువైటులో ప్రైవేటు సంస్థలయందు పనిచేయు పరదేశీయులు ఆ దేశము విడుచుటకు ముందు యజమాని సమ్మతిగల అనుమతి పొందవలెనను నియమము వచ్చినది. నది లేదు, రౌతులు లేరు. సెలవు మాత్రము నేటికిని ఒకరి చేతిలోనే యున్నది.

కావున పెద్దలారా, మీ గ్రామమునుండి పిల్లవాడు పయనమైనపుడు పోవుటకు కాగితమున్నదా అని మాత్రమే యడుగకుడు. జీతము నిలిచినచో ఎవరితో చెప్పుకొనవలెను? తిరిగివచ్చుటకు సెలవు ఎవరియ్యవలెను? ఈ రెండును అడిగి, ఒడంబడికను చదివించి వినుడు. పిదప సాగనంపుడు.