ఆసియా కప్ ఫుట్‌బాల్

ఆసియా దేశాల పురుషుల జాతీయ జట్లకు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) నిర్వహించే ఛాంపియన్‌షిప్ ఆసియా కప్. 1956లో హాంకాంగ్‌లో మొదలైంది. ఖండాల స్థాయి పోటీల్లో దక్షిణ అమెరికా వారి కోపా అమెరికా తర్వాత వయసులో పెద్దది ఇదే. ఆఫ్రికా కప్ దీనికంటే ఏడాది చిన్న, యూరో నాలుగేళ్లు చిన్న. ఇప్పటివరకు 18 సార్లు జరిగింది. జపాన్ నాలుగు సార్లు, సౌదీ అరేబియా, ఇరాన్ మూడేసి సార్లు, దక్షిణ కొరియా, ఖతార్ రెండేసి సార్లు నెగ్గాయి. ఇజ్రాయెల్, కువైట్, ఇరాక్, ఆస్ట్రేలియా ఒక్కోసారి గెలిచాయి. ఈ జాబితాలోని ఇజ్రాయెల్ ఇప్పుడు ఆసియా సమాఖ్యలోనే లేదు. ఆస్ట్రేలియా అసలు ఆసియా ఖండంలోనే లేదు. ఈ కప్పు చరిత్రలో ఎవరు గెలిచారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరిని రానివ్వలేదు అన్నదీ అంతే ముఖ్యం.

తొలి రోజులు

ఏఎఫ్‌సీ 1954లో మనీలాలో పుట్టింది. వ్యవస్థాపక సభ్యదేశాలు పన్నెండు, వాటిలో భారత్ ఒకటి. రెండేళ్లకు జరిగిన తొలి ఆసియా కప్‌కు నాలుగే జట్లు మిగిలాయి: దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, హాంకాంగ్, దక్షిణ వియత్నాం. సెమీస్, ఫైనల్ అన్న మాటే లేదు. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడాలి, ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవారిదే కప్పు. కొరియా గెలిచింది. 1960లో సొంతగడ్డ సియోల్‌లో మళ్లీ గెలిచింది. ఆ రెండో విజయానికి ఆటగాళ్లకు ఇచ్చిన పతకాలు అసలు బంగారంవి కావని తేలి పెద్ద రచ్చయింది. ఆ తర్వాత కొరియా నాలుగు ఫైనల్స్ ఆడి నాలుగూ ఓడింది. దీన్ని నకిలీ పతకాల శాపమని అక్కడి అభిమానులు చెప్పుకుంటారు. కొరియా సమాఖ్య దశాబ్దాల తర్వాత అసలు బంగారు పతకాలు చేయించి ఆనాటి ఆటగాళ్ల కుటుంబాలకు అందించడం మొదలుపెట్టింది. కప్పు మాత్రం ఇంకా రాలేదు.

1964: భారత్ రెండో స్థానం

మూడో కప్‌కు ఆతిథ్యం ఇజ్రాయెల్‌ది. అరబ్ దేశాలు అప్పట్లో ఆ గడ్డ మీద కాలు పెట్టేవి కావు. మన వైపు అర్హత పోటీల్లో ప్రత్యర్థులు తప్పుకోవడంతో భారత్ ఒక్క మ్యాచ్ ఆడకుండానే ప్రధాన పోటీకి చేరింది. దీన్ని అదృష్టమని కొట్టిపారేయడం మాత్రం అన్యాయం. రెండేళ్ల క్రితమే జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టు అది. ఆ జట్టును తయారుచేసింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశం మొత్తం వణికేలా మలచిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. కానీ ఆయన 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏడాదైనా తిరగకముందే ఆయన శిష్యులు ఇజ్రాయెల్ వెళ్లారు.

చునీ గోస్వామి కెప్టెన్. గోల్ దగ్గర హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. కొరియాను మళ్లీ 2-0తో ఓడించారు. గోల్స్ చేసినవారు ఇందర్ సింగ్, పేరు మనకు దగ్గరగా వినిపించే అప్పలరాజు. హాంకాంగ్‌పై 3-1తో గెలిచి, ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడారు. అలా ఫైనల్ అన్నదే లేని పోటీలో భారత్ రన్నరప్ అయింది. ఇందర్ సింగ్ రెండు గోల్స్‌తో, ఇజ్రాయెల్ ఆటగాడు మొర్దెకాయ్ ష్పిగ్లర్‌తో పాటు అత్యధిక గోల్స్ చేసినవాడిగా నిలిచాడు. ఆసియా కప్‌లో భారత్‌కు ఇప్పటికీ అదే అత్యుత్తమ ఫలితం.

ఇరాన్ కాలం, 1974 మార్పు

1968 పోటీ టెహ్రాన్‌లో జరిగింది. ఆరు రోజుల యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు. కప్పు ఎవరిదో తేల్చే ఆట ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య పడింది. ఇజ్రాయెల్ ముందు గోల్ చేసింది. బెహ్జాదీ సమం చేశాడు, గెలుపు గోల్ ఖలీచ్‌ఖానీది. ఇరాన్‌లో ఫుట్‌బాల్ జనం ఆటగా మారింది ఆ సాయంత్రంతోనే అంటే అతిశయోక్తి కాదు. 1972లో బ్యాంకాక్‌లో తొలిసారి నిజమైన ఫైనల్ జరిగింది. అదనపు సమయం దాకా సాగిన ఆ ఆటలో ఇరాన్ 2-1తో కొరియాను ఓడించింది. 1976లో సొంతగడ్డపై ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆడి, ఫైనల్లో అలీ పర్వీన్ గోల్‌తో కువైట్‌పై నెగ్గింది. వరసగా మూడు కప్పులు గెలిచిన ఘనత ఇంకెవరికీ దక్కలేదు. అయితే ఆ తర్వాత ఇరాన్ మళ్లీ ఫైనల్ గడప తొక్కనే లేదు. ఎన్నో సార్లు సెమీస్ దాకా వచ్చి ఆగిపోయింది.

ఈ మధ్యలోనే 1974లో ఏఎఫ్‌సీ తలుపులు కొందరికి మూసుకున్నాయి, కొందరికి తెరుచుకున్నాయి. అరబ్ దేశాల ఒత్తిడితో ఇజ్రాయెల్‌ను బయటికి పంపారు. చైనాను చేర్చుకుని తైవాన్‌ను తప్పించారు. ఇజ్రాయెల్ ఎక్కడెక్కడో తిరిగి చివరికి 1990లలో యూరప్ సమాఖ్యలో కుదురుకుంది.

గల్ఫ్ జోరు, జపాన్ రాక

1980లో కువైట్ ఆతిథ్యమిచ్చింది. పోటీ నడుస్తుండగానే పొరుగున ఇరాన్, ఇరాక్ యుద్ధం మొదలైంది. గ్రూప్ దశలో కొరియా చేతిలో 0-3తో చిత్తయిన కువైట్, ఫైనల్లో అదే కొరియాను అదే 3-0తో ఓడించింది. వారి కోచ్ బ్రెజిల్‌కు చెందిన కార్లోస్ అల్బెర్టో పరేరా. ఈయనే 1988లో సౌదీకీ కప్పు తెచ్చిపెట్టాడు. తర్వాత 1994లో బ్రెజిల్‌కు ప్రపంచ కప్ గెలిపించిందీ ఈయనే.

సౌదీ అరేబియా 1984లో తొలిసారి అడుగుపెట్టి నేరుగా కప్పు ఎత్తుకుపోయింది. అక్కడి నుంచి 2000 దాకా ఐదు ఫైనల్స్‌లోనూ ఆడింది. 1984, 1988, 1996లలో గెలిచి, మిగతా రెండుసార్లూ జపాన్ చేతిలో 0-1తో ఓడింది. అదే జపాన్ 1988 దాకా ప్రధాన పోటీలో కనిపించనే లేదు. 1992లో హిరోషిమాలో తకాగి గోల్‌తో తొలి కప్పు గెలిచింది. మరుసటి ఏడాది వారి వృత్తిపరమైన లీగ్ జె లీగ్ మొదలైంది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఆసియా ఫుట్‌బాల్ అంటే జపానే.

జపాన్‌కు కష్టమైన విజయం చైనాలో జరిగిన 2004 పోటీలోది. చైనా ప్రేక్షకులు యుద్ధకాలపు గాయాలను మరవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబులు పడిన చోంగ్‌చింగ్‌లోనే జపాన్ ఆటలు పెట్టారు. జోర్డాన్‌తో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. జపాన్ ఆటగాళ్లు నకమురా, అలెక్స్ ఇద్దరూ తన్నబోయి నేల మెత్తగా ఉండి జారారు. రెండు గోల్సూ పోయాయి. కెప్టెన్ మియమొతో రిఫరీ దగ్గరికి వెళ్లి, ఈ వైపు నేల బాగాలేదు, ఎదుటి గోల్‌కు మార్చండని అడిగాడు. ఆశ్చర్యం, రిఫరీ ఒప్పుకున్నాడు! గోల్‌కీపర్ కవగుచి అడ్డుగోడై నిలబడితే జపాన్ 4-3తో బయటపడింది. బీజింగ్ ఫైనల్లో చైనాపై 3-1తో నెగ్గింది. అందులో కోజి నకాతా చేసిన గోల్‌లో బంతి చేతికి తగిలిందని చైనా అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు.

2007: బాగ్దాద్

ఒలింపిక్స్, యూరోలతో ఢీకొనకుండా ఈ పోటీని సరిసంఖ్య ఏడాదుల నుంచి బేసి ఏడాదులకు మార్చారు. అందుకే 2004 తర్వాత మూడేళ్లకే మళ్లీ వచ్చింది. ఇండోనేషియా, మలేసియా, థాయిలాండ్, వియత్నాం నాలుగూ కలిసి ఆతిథ్యమిచ్చాయి. ఏడాది క్రితం ఏఎఫ్‌సీలో చేరిన ఆస్ట్రేలియా తొలిసారి ఆడింది. ఇరాక్ చేతిలో 1-3తో ఓడింది.

ఇరాక్‌కు సొంతగడ్డపై ఆడే వీల్లేదు, సరిగా సాధన చేసే చోటూ లేదు. కోచ్ జోర్వాన్ వియెరా కొత్తగా వచ్చినవాడు. జట్టులో షియాలు, సున్నీలు, కుర్దులు ఉన్నారు. బయట ఆ వర్గాల మధ్యే నెత్తురు పారుతున్న రోజులవి. సెమీస్‌లో కొరియాపై పెనాల్టీల్లో గెలిచిన రాత్రి బాగ్దాద్ వీధుల్లో సంబరాలు చేసుకుంటున్న జనం మధ్య కారు బాంబులు పేలి యాభై మంది దాకా చనిపోయారు. నాలుగు రోజులకు, జూలై 29న, జకార్తాలో ఫైనల్. కుర్దు ఆటగాడు హవార్ ముల్లా మొహమ్మద్ కార్నర్ నుంచి పంపిన బంతిని కెప్టెన్ యూనిస్ మహమూద్ తలతో సౌదీ గోల్‌లోకి కొట్టాడు. 1-0. ఆసియా కప్‌లో ఇంతకు మించిన విజయం ఏదైనా ఉందా అంటే నాకు తోచదు.

ఖతార్ వరకు

2011లో దోహాలో జపాన్ నాలుగోసారి గెలిచింది. అదనపు సమయంలో తదనారి లీ గాల్లోనే తన్నిన బంతికి ఆస్ట్రేలియా దగ్గర జవాబు లేకపోయింది. 2015లో ఆస్ట్రేలియా సొంతగడ్డపై కొరియాను 2-1తో ఓడించింది. 2019లో జట్లను 24కు పెంచారు. ఖతార్ ఫైనల్ దాకా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా వచ్చి, అక్కడ జపాన్‌ను 3-1తో ఓడించింది. చైనాలో జరగాల్సిన 2023 పోటీ కరోనా కారణంగా ఖతార్‌కు మారింది. ఎండలకు భయపడి 2024 జనవరి, ఫిబ్రవరిల్లో నిర్వహించారు. తొలిసారి ఫైనల్ చేరిన జోర్డాన్‌పై అక్రమ్ అఫీఫ్ మూడు పెనాల్టీలూ గోల్ చేసి 3-1తో ముగించాడు.

రికార్డులు

మొత్తం మీద ఎక్కువ గోల్స్ ఇరాన్‌కు చెందిన అలీ దాయీవి, 14. 1996 క్వార్టర్ ఫైనల్లో కొరియాపై 6-2 విజయంలో నాలుగు ఆయనవే. ఒకే పోటీలో ఎక్కువ గోల్స్ ఖతార్ ఆటగాడు అల్మోయెజ్ అలీవి, 2019లో 9. అతి వేగవంతమైన గోల్ యూఏఈకి చెందిన అలీ మబ్ఖూత్ 2015లో బహ్రెయిన్‌పై 14 సెకన్లలో చేసింది. అతి పెద్ద విజయం 1976లో దక్షిణ యెమెన్‌పై ఇరాన్ 8-0.

భారత్ 1964 తర్వాత 1984, 2011, 2019, 2023 పోటీల్లో ఆడింది. 2019లో థాయిలాండ్‌పై 4-1 గెలుపు ఒక్కటే చెప్పుకోదగ్గది, అందులో రెండు గోల్స్ సునీల్ ఛెత్రీవి. 2023లో మూడు ఆటలూ ఓడి, ఒక్క గోల్ కూడా చేయలేదు. 2027 పోటీకి ఆతిథ్యం కోరి, మధ్యలోనే ఆ ప్రయత్నం విరమించుకుంది. అది సౌదీ అరేబియాకు వెళ్లింది. ఆ పోటీకి భారత్‌కు అర్హత కూడా దక్కలేదు. 1984లో సొంతగడ్డపై మనల్ని 2-0తో ఓడించిన సింగపూర్, 2025 అక్టోబర్‌లో గోవాకు వచ్చి 2-1తో గెలిచి ఆ దారి మూసేసింది.