ధాన్యకటకం రాళ్ళపై ఉన్న పేర్లు

పండుగనాడు మన ఆలయద్వారం వద్ద అర్చకులు పూర్ణకుంభంతో పెద్దలకు స్వాగతం పలుకుతారు. నీరు నిండిన కలశం, దాని మూతి చుట్టూ మామిడాకులు, పైన కొబ్బరికాయ. ఈ దేశంలో మామిడాకులు దొరకనప్పుడు మరొక పచ్చని ఆకు పెట్టుకొంటాము. కుంభం మాత్రం మారదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నదీ ఈ కుంభమే. తెలుగునేలపై దీనిని రాతిలో మలచిన ప్రాచీన స్థలాలలో ముఖ్యమైనది కృష్ణానది దక్షిణపు ఒడ్డున ఉన్న అమరావతి. అక్కడి శిల్పులు కుంభంలో కొబ్బరికాయను ఉంచలేదు. తామరపూలు, మొగ్గలు, ఆకులు దాని నోటినుండి పొంగి పొరలుతున్నట్లు చెక్కారు. నీరు, పంట, సంతానం, సమృద్ధి అన్నీ ఒక్క పాత్రలో చూపిన చిత్రమది.

అమరావతి అనగానే చాలమందికి పంచారామాలలో ఒకటైన అమరేశ్వరాలయం తలపునకు వస్తుంది. ఊరికి ఆ పేరు ఆ స్వామి వల్లనే వచ్చింది. అంతకు పూర్వం ఆ ప్రాంతపు నగరం పేరు ధాన్యకటకం, నేటి ధరణికోట. అక్కడ క్రీ.పూ. 3వ శతాబ్ది ప్రాంతంలో మొదలై, శాతవాహనుల కాలంలో, అనగా క్రీ.శ. 2వ శతాబ్దిలో, వైభవం పొందిన బౌద్ధ మహాచైత్యం ఉండేది. గుడి పత్రికలో బౌద్ధుల కట్టడం గురించి ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. ఆ రాళ్ళు చెక్కినవారు, వాటికి ధనమిచ్చినవారు మన పూర్వుల నేలమీది మనుషులు. వారి పూర్ణకుంభాన్ని, వారి పద్మాన్ని, వారి ప్రదక్షిణాన్ని మనం నేటికీ విడువలేదు. మాకు ఈ సమాధానం చాలును.

మహాచైత్యం లోపల ప్రవేశించే మందిరం కాదు. ఇటుకలతో, మట్టితో నింపిన పెద్ద గుమ్మటం, దాని చుట్టూ నడవడానికి బాట, ఆ బాటకు బయట సుమారు 190 అడుగుల వ్యాసం గల రాతి ప్రాకారం. రాయి పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ గలది, ఉలికి చక్కగా లొంగేది. భక్తుడు గుమ్మటాన్ని కుడివైపున ఉంచుకొని నడుస్తూ పోతే కథలు ఒకదాని తరువాత ఒకటి కంటికి ఎదురవుతాయి. ప్రాకారం బయటివైపున ఎక్కువగా పద్మాలు. లోపలివైపున బుద్ధుని జీవితం, జాతక కథలు. దూరం నుండి చూచేవానికి పువ్వులు కనిపిస్తాయి, లోనికి వచ్చినవానికి అర్థం కనిపిస్తుంది. ఆ కళ పాదాలతో చదువవలసిన గ్రంథం. నాలుగు దిక్కులలోను ఐదేసి స్తంభాలు నిలిపారు. వాటిని బుద్ధుని జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులుగా చెప్పుతారు.

తొలి శిల్పాలలో బుద్ధుడు మనిషిరూపంలో కనబడడు. చెట్టుక్రింద ఖాళీ సింహాసనం ఉంటుంది, దాని ముందు పాదముద్రలు ఉంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఒక్కొక్కచోట ధర్మచక్రం, ఒక్కొక్కచోట స్తూపం. మహనీయుడు కూర్చున్న చోటును చూపి, ఆయనను చూచేవాని మనసుకు వదలివేశారు. తరువాతి కాలంలో బుద్ధుని రూపాన్ని కూడ చెక్కసాగారు. ఈ మార్పు మొత్తాన్ని ఒకే రాతిపై చూడవచ్చును. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకకు ఒక ప్రక్కన క్రీ.పూ. 1వ శతాబ్ది నాటి శిల్పం ఉన్నది: బోధివృక్షం, ఖాళీ ఆసనం, నమస్కరించే భక్తులు. దాదాపు మూడువందల ఏండ్ల తరువాత వేరొక తరం శిల్పులు ఆ పలకనే త్రిప్పి, వెనుక ప్రక్కన సర్వాలంకారాలతో నిండిన స్తూపాన్ని చెక్కారు. పాతదానిని చెరపలేదు, గోడవైపునకు త్రిప్పి ఉంచారు. కొత్త కాలానికి తగిన మాటను పాత రాతిమీదనే పలికారు. నేడు ఆ గుమ్మటం లేదు గనుక, అది ఎట్లుండేదో మనకు చెప్పేవి ఇటువంటి స్తూపచిత్రాలే.

మాకు మిక్కిలి ఇష్టమైనది మాత్రం చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని గుండ్రని పలక. బుద్ధుని దాయాది దేవదత్తుడు అసూయతో నాళాగిరి అనే ఏనుగుకు మద్యం పట్టించి రాజగృహ వీధిలోకి వదిలాడని కథ. శిల్పి ఒకే వృత్తంలో రెండు క్షణాలను ఇమిడ్చాడు. ఒకవైపు ఏనుగు మనుషులను త్రొక్కుతూ, తొండంతో పట్టి విసురుతూ వస్తున్నది. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉన్నది. మధ్యలో ఏమి జరిగిందో చెక్కలేదు. మైత్రీభావం కంటికి కనిపించేది కాదు కదా! పైన మేడల కిటికీలనుండి స్త్రీలు తొంగి చూస్తున్నారు. క్రింద భయంతో ప్రక్కవారిని పట్టుకొన్నవారు ఉన్నారు. దేవతలకంటె వీధిజనమే ఎక్కువగా ఉన్న మతచిత్రం ఇది.

ఆ జనమే ఈ కట్టడానికి దాతలు కూడ. పలకలపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చిన్న చిన్న శాసనాలు ఉన్నాయి. గృహస్థులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, భిక్షువులు, భిక్షుణులు, తల్లులు, కుమార్తెలు తమతమ పేర్లు చెక్కించుకొన్నారు. ఇక్కడి ఒక శాసనంలో కనిపించే "నాగబు" అనే మాటను తొలి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. సాయంకాలపు తరగతిలో గుణింతాలతో కుస్తీ పట్టే మావంటి వయసు మళ్ళిన విద్యార్థులకు అది ఎంతో ఓదార్పు: ఒక మహాభాష కూడ ఒక్క మాటతోనే కంటికి కనబడింది.

ఈ దాతలలో ఒకని పేరు విధికుడు. అతడు చర్మకారుడు, అనగా తోలుపని చేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుడనే కొడుకుతో, కుమార్తెలతో, జ్ఞాతులతో, మిత్రులతో కలిసి ఒక పలకను దానమిచ్చాడు. ఆ పలక ఏదో తెలుసునా? పూర్ణఘటపు పలక. మనం నేడు గుడివాకిట పట్టుకొనే కుంభమే. తరువాతి శతాబ్దాలలో ఏ వృత్తివారిని ఊరిబయట ఉంచి, గుడిగడప త్రొక్కనీయలేదో, ఆ వృత్తివాడు ఇక్కడ తన వృత్తిని దాచుకొనక, తండ్రి పేరు చెప్పుకొని, కుటుంబాన్నంతటినీ పుణ్యంలో పాలు పంచుకోమని పిలిచి, మంగళకలశాన్ని సమర్పించాడు. సంప్రదాయం అనగానే తరతరాలుగా మారనిదని తలచే మన యువకులకు, కొందరు పెద్దలకు కూడ, ఈ శాసనాన్ని చూపవలసి ఉన్నది.

ఫిజీనుండి ఇక్కడికి చేరిన మావంటి గిర్మిట్ సంతతివారికి ఆ శాసనం వేరొక కాగితాన్ని గుర్తుకు తెస్తుంది. 1903 మొదలుకొని 1916 వరకు మదరాసు రేవునుండి ఫిజీ చెరకుతోటలకు ఓడలు నడిచాయి. కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవారు అనేకులు వాటిలో వెళ్ళారు. ఒక్కొక్క కూలీకి ఒక్కొక్క పాసు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. విధికుని శాసనంలో ఉన్న వివరాలే చాలవరకు ఇందులోనూ ఉన్నాయి. కాని విధికుని పేరు అతడు కోరి చెక్కించినది. మా తాతల పేర్లు గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసుకొన్నవి. శాసనం ఇచ్చినవానిని గుర్తుంచుకోవడానికి; పాసు పారిపోయినవానిని పట్టుకోవడానికి. కులం గడిలో ఏమి వ్రాసినా, కులకట్టుబాట్లు ఓడలో అందరూ ఒకే గంజి త్రాగిననాడే చాలవరకు సడలిపోయాయి. అందుచేత మావారు ఒక్క శిల్పమైనా వెంట తీసుకొనిపోలేదు. చేతిలో మిగిలినది ముగ్గు ఒక్కటే. రాయి అక్కరలేదు, శిల్పి అక్కరలేదు. ఉదయం పెట్టినది సాయంత్రానికి చెరిగిపోయేది. మా అవ్వలు గీసిన పద్మాలు అమరావతి ప్రాకారంమీది పద్మాలకు దూరపు చుట్టాలని మేము నమ్ముతాము.

మహాచైత్యం ఎట్లు చెదరిపోయిందో క్లుప్తంగా చెప్పుదుము. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో కొత్త పట్టణం కట్టించేటప్పుడు ఆ దిబ్బనుండి ఇటుకలు, రాళ్ళు తీయించారు. అంతలోనే కోలిన్ మెకంజీ వచ్చి చూచి, 1816లో మరల వచ్చి శిల్పాలకు చిత్రాలు వ్రాయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి అనేక శిల్పాలను మదరాసుకు పంపాడు. ఏండ్ల తరబడి అక్కడ పడి ఉన్న తరువాత 1859లో వాటిని లండనుకు ఓడలో పంపారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఇప్పుడు అక్కడ 120కి పైగా ఉన్నాయి. రాళ్ళు క్షేమమే; ప్రదక్షిణం మాత్రం పోయింది. గోడకు వరుసగా నిలిపిన ప్రాకారం చుట్టూ ఎవరు నడువగలరు?

ఇటువంటి గాథే మనం నివసించే ఈ దేశంలోనూ ఉన్నది. మావోరీల సభాగృహం, ఫరెనుయి, ఒక పూర్వపురుషుని శరీరం. నడికప్పు దూలం తాహుహు ఆయన వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, గోడలలోని చెక్కిన పలకలు వంశపు పెద్దలు. పావా చిప్పలతో చేసిన వారి కన్నులు లోనికి వచ్చినవారిని చూస్తుంటాయి. లోపల కూర్చున్నవారు పూర్వుని కడుపులో కూర్చున్నట్లే. భూములను ప్రభుత్వం జప్తు చేసిన తరువాత న్గాతి అవా ప్రజలు తమ ఐక్యం కోసం ఫకతానెలో నిర్మించుకొన్న మాతాతువా గృహం 1875లో తెరువబడింది. నాలుగేండ్లకే దానిని విప్పి సిడ్నీ ప్రదర్శనకు పంపారు. అక్కడ సందర్శకులకు కనబడాలని లోపలి శిల్పాలను బయటికి త్రిప్పి నిలబెట్టారు! ఒక మనిషి పేగులను బయట పెట్టి అలంకారమనడం వంటిది అది. అక్కడినుండి మెల్‌బోర్న్, తరువాత లండన్. నలభై ఏండ్లకు పైగా అక్కడ ఉండి, 1925 ప్రదర్శనకు డ్యునెడిన్ చేరి, ఒటాగో మ్యూజియంలో నిలిచింది. 1996లో న్గాతి అవా ప్రజలకు తిరిగి దక్కింది. 2011లో ఫకతానెలో మరల తెరువబడింది. ఇప్పుడు శిల్పాలు లోపలివైపే చూస్తున్నాయి.

అమరావతి రాళ్ళు కూడ తిరిగి రావలెనా అన్న ప్రశ్నకు మా ఇండ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మాతాతువాను నిలబెట్టుకోవడానికి ఎదురుచూస్తున్న వంశం ఉండినది. మహాచైత్యానికి నేడు గుమ్మటమే లేదు, అడుగు కట్టడం మాత్రమే మిగిలింది. అయినను విధికుని వంటివారు ఇచ్చినది ధాన్యకటకానికి గాని లండనుకు కాదు గదా అని మాలో పెద్దవారు అంటారు. ఆ మాటకు మావద్ద జవాబు లేదు.

ఈ సెలవులలో పిల్లలతో భారతదేశం వెళ్ళేవారు చెన్నైలో దిగితే, ఎగ్మూరు మ్యూజియంలో మొదట ఏనుగు పలకను వెదకండి. ఏనుగులు ఎన్ని ఉన్నాయని పిల్లలను అడగండి. రెండని చెప్పుతారు. అప్పుడు కథ చెప్పండి. ఆపై కిటికీలలోని స్త్రీలను లెక్కపెట్టనీయండి.