తుపాకి తెలుగైంది, బాయినెట్ కాలేదు: ఒక ఆయుధజంట పదచరిత్ర

పాత సైనిక తుపాకులను సేకరించేవారు తుపాకిని దాని బాయినెట్‌తో జతపరిచినప్పుడే ఆ సేకరణను సంపూర్ణంగా భావిస్తారు. గొట్టపు మొనకు అమర్చే ఈ బాకు కొలత ఒక్కో నమూనాకు ఒక్కో తీరుగా ఉంటుంది. భారత సైన్యం ప్రపంచయుద్ధాలలో వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు 1907 నమూనా బాయినెట్ జత. దాని అలుగు 17 అంగుళాలు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో భారతదేశంలో దానిని 12 అంగుళాలకు కుదించారు. కొన్ని సైన్యాలలో తుపాకిమీద, బాయినెట్‌మీద ఒకే సంఖ్యను ముద్రించే పద్ధతి కూడా ఉండేది. సేకర్తకు ఇది వస్తువుల జంట. భాషాపరిశోధకుడికి పదాల జంట. ఈ రెండింటిలో తుపాకి తెలుగు మాటగా స్థిరపడగా, బాయినెట్ పరభాషాపదంగానే ఎందుకు మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు చంద్రగిరి తగిన ఆరంభస్థానం. విజయనగర రాజులకు చంద్రగిరి రాజధానిగా ఉన్న కాలంలో, పెద వేంకటరాయల ఏలుబడిలో, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఫ్రాన్సిస్ డేకు కోట కట్టుకోవడానికి అనుమతినిచ్చాడు. మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు పునాది ఆ అనుమతియే. 1646లో చంద్రగిరి గోల్కొండ వశమైంది. అప్పటికే దక్షిణదేశంలో వత్తితో మందు అంటించే తుపాకులు వాడుకలో ఉన్నాయి. కాని గొట్టం చుట్టూ కట్టులా అమరి, కాల్పులకు అడ్డురాని బాయినెట్ ఐరోపా సైన్యాలలో వ్యాపించింది 17వ శతాబ్ది చివరి దశలోనే. అందుచేత చంద్రగిరి రాయల కాలపు తుపాకి జత లేని తుపాకి. తెలుగు దానిని ఆ రూపంలోనే తనదిగా చేసుకుంది.

‘తుపాకి’ తురుష్క, పారసీక మూలాలనుంచి వచ్చిన పదం. ‘ఫిరంగి’ ఐరోపావారిని సూచించే ‘ఫరంగీ’ నుంచి వచ్చి ఆయుధానికి పేరైంది. ఈ రెండూ తెలుగు విభక్తులకు, సమాసాలకు పూర్తిగా లోబడ్డాయి. నాటుతుపాకి, తుపాకిగుండు, తుపాకిమందు వంటి మాటలు గ్రామీణ వ్యవహారంలో కుదురుకున్నాయి. తెలంగాణలో కొయ్యతుపాకి భుజాన వేసుకొని గొప్పలు చెప్పే పిట్టలదొర వేషం, గొప్పలు కోసేవారిని ‘తుపాకి రాముడు’ అనే వాడుక, తుపాకి జానపద హాస్యంలోకి కూడా చేరిందనడానికి నిదర్శనాలు. వేట, పంటకాపలా, పాళెగాళ్ళ బంట్ల కొలువు తుపాకిని ఊరికి తెచ్చాయి.

బాయినెట్‌కు అటువంటి దారి లేదు. అది వేటగాడికి అక్కరలేదు. దగ్గరి పోరుకు పాళెగాడి బంటుకు బల్లెం, కత్తి ఉండనే ఉన్నాయి. వరుసలు తీరి, ఆజ్ఞకు లోబడి కదిలే కవాతు సైన్యంలోనే దానికి పని. ఆ సైన్యాన్ని కుంపిణీ మద్రాసు ప్రాంతంలో 18వ శతాబ్ది మధ్యలో రూపొందించింది. అక్కడనుంచి వెళ్ళిన సిపాయిల మూలంగా బెంగాల్, అవధ్ ప్రాంతాలలో కుంపిణీ సిపాయికే ‘తిలంగా’ అన్న పేరు వచ్చింది. బాయినెట్ పట్టిన సిపాయికి ఉత్తరాది జనం తెలుగునేల పేరు పెట్టారు. ఆ సిపాయి పట్టిన బాయినెట్‌కు మాత్రం తెలుగులో సొంత పేరు స్థిరపడలేదు. అలుగు, పిడి, ఒర అని దాని భాగాలన్నింటికీ కత్తికి సంబంధించిన తెలుగు పదాలు సరిపోతాయి. మొత్తం వస్తువుకే పేరు లేదు. హిందుస్తానీ ‘సంగీన్’ సైతం సాధారణ వాడుకలో నిలవలేదు. సిపాయి ఊరికి తిరిగివచ్చినా ఆయుధం కొలువులోనే ఉండిపోవడం ఇందుకు కారణమని భావించవచ్చు.

ఈ లోపం చరిత్రకథనంపై చూపిన ప్రభావానికి మన్యం పోరాటం మంచి ఉదాహరణ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణానుంచి 11 తుపాకులు, 1390 గుళ్ళు, 5 కత్తులు, 14 బాయినెట్లు తీసుకువెళ్ళింది. తీసుకున్నవాటి వివరాలు ఠాణా పుస్తకంలో రాసి రాజు సంతకం చేశాడని చరిత్రకారులు పేర్కొన్నారు. కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8 తుపాకులు చేరడంతో మొత్తం 26 అయ్యాయి. ప్రచారంలో ఉన్న కథనాలలో నిలిచింది తుపాకులే. చింతపల్లి జాబితాలో మాత్రం బాయినెట్లు తుపాకులకన్నా మూడు ఎక్కువ. ఠాణాలో ఈ రెండింటినీ వేర్వేరు వస్తువులుగా లెక్కించారన్నది ఆ జాబితావల్లనే తెలుస్తుంది. ‘ఆయుధాలు’ అన్న ఒక్క మాటతో సరిపెడితే ఈ తేడా కనుమరుగవుతుంది.

చట్టం కూడా ఈ జంటను విడదీసింది. 1878 ఆయుధచట్టం సామాన్యుడి చేతి ఆయుధానికి అనుమతిపత్రాన్ని తప్పనిసరి చేసింది. 1959 చట్టం కింద వచ్చిన 1962 నియమావళి తుపాకులను ఒక తరగతిలోను, బాయినెట్‌ను కత్తులు, బాకులు, బల్లేలతో కలిపి మరొక తరగతిలోను చేర్చింది. సైనిక రైఫిళ్ళ వ్యక్తిగత సేకరణకు మన దేశంలో అవకాశం అతిస్వల్పం కనుక ఈ వస్తువుల చరిత్రను కాపాడవలసిన బాధ్యత ప్రదర్శనశాలలపైన, పత్రాలపైన, పదకోశాలపైన పడుతుంది.

కాబట్టి ప్రదర్శనశాలల తెలుగు వివరణలలో ‘తుపాకి’ అని రాసి ఊరుకోక, గొట్టం లోపల గాళ్ళు ఉన్నవీ లేనివీ, బాయినెట్ అమరేవీ అమరనివీ వేరుచేసి చెప్పాలి. బాయినెట్‌ను దాని తుపాకి పేరుతో కలిపి నమోదు చేయాలి. ‘తుపాకిబాకు’ వంటి సమాసాన్ని పదకోశకర్తలు పరిశీలించవచ్చు. పేరు నిలవని వస్తువు కథనంలోనూ నిలవదనడానికి చింతపల్లి బాయినెట్లే సాక్ష్యం.