పునర్నిర్మాణం తరువాతి తగ్గింపు: రొమ్ము శస్త్రచికిత్స చరిత్రలో మలిదశ

ఉపోద్ఘాతం

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చరిత్రను తొలగింపు, పునర్నిర్మాణం అనే రెండు ఘట్టాలుగా చెప్పడం పరిపాటి. రోగి సొంత కణజాలంతో నిర్మించిన రొమ్మును కొంతకాలానికి తగ్గించవలసి వచ్చే మూడవ ఘట్టానికి ఇందులో చోటు తక్కువ. ఆ తగ్గింపు చికిత్సా, అలంకరణా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పద్ధతుల పరిణామం

1895లో హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ ఒక రోగి నడుము భాగంలోని కొవ్వుగడ్డను తీసి రొమ్ము స్థానంలో అమర్చాడు. 1906లో ఇటలీ వైద్యుడు తాన్సీనీ వీపు కండరంతో కూడిన పద్ధతిని వివరించాడు. 1982లో హార్ట్రాంఫ్ బృందం పొత్తికడుపు చర్మాన్ని, కొవ్వును కండరంతో సహా ఛాతీకి చేర్చే ‘ట్రామ్’ పద్ధతిని ప్రకటించింది. 1994లో ఆలెన్, ట్రీస్ కండరాన్ని యథాస్థానంలో ఉంచి, చర్మాన్ని, కొవ్వును రక్తనాళాలతో తరలించే ‘డీఐఈపీ’ పద్ధతిని రొమ్ము పునర్నిర్మాణానికి అన్వయించారు.

తగ్గింపు అవసరం

ఛాతీకి చేరినా పొత్తికడుపు కొవ్వు తన స్వభావాన్ని విడువదు. శరీరం బరువు పెరిగితే అదీ పెరుగుతుంది; రెండవ రొమ్ముతో సమతూకం తప్పవచ్చు. అప్పుడు కొవ్వును పీల్చివేయడమో, కోసి తగ్గించడమో అవసరమవుతుంది. ఈ రొమ్ము తరలివచ్చిన రక్తనాళాల మీద ఆధారపడి బతుకుతున్నది. అందువల్ల ఆ నాళాలు ఎక్కడున్నాయో పాత శస్త్రచికిత్స నివేదిక ద్వారా తెలుసుకున్నాకే కత్తి పట్టాలి. తొలి శస్త్రచికిత్సతో దీనికున్న సంబంధం అంత గాఢమైనది.

హైదరాబాదు సందర్భం

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే అమెరికా ఒక చట్టం చేసింది. రొమ్ము తొలగింపునకు చెల్లించే బీమా, పునర్నిర్మాణపు అన్ని దశలకూ, సమతూకం కోసం రెండవ రొమ్ముకు చేసే శస్త్రచికిత్సకూ వర్తించాలని అది నిర్దేశించింది. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో రూపొందించిన ప్రామాణిక మినహాయింపుల పాఠం సౌందర్య చికిత్సను బీమా పరిధి నుంచి తప్పించి, క్యాన్సర్ అనంతర పునర్నిర్మాణాన్ని మాత్రం అనుమతించింది. అయితే ‘అన్ని దశలు’ అన్న మాట అందులో లేదు. సంస్థ ఇచ్చే బీమా మీద ఆధారపడే సైబరాబాద్ ఉద్యోగినికి ఈ ఒక్క మాట లేకపోవడం చిన్న విషయం కాదు. తగ్గింపు ఏ పద్దు కింద నమోదవుతుందన్న దాని మీదే ఖర్చు ఎవరిదో తేలుతుంది.

ముగింపు

‘నిర్మాణం’ అనగానే పూర్తయిన కట్టడం స్ఫురిస్తుంది. సజీవ కణజాలంతో చేసిన నిర్మాణం శరీరంతోపాటు మారుతూనే ఉంటుంది. కనుక ఈ తగ్గింపును సౌందర్య చికిత్సగా కాక, పునర్నిర్మాణపు మలిదశగా పేర్కొనడమే చరిత్రకూ, రోగికీ న్యాయం.