1836 అనే అంకె: కరెంట్ షీట్ల కణ సిమ్యులేషన్ల చరిత్ర

ప్లాస్మాలో రెండు అయస్కాంత క్షేత్రాలు ఎదురెదురు దిశల్లో ఉంటే, వాటి నడుమ పలుచని పొరగా విద్యుత్తు ప్రవహిస్తుంది. దాన్నే కరెంట్ షీట్ అంటారు. సూర్యుడి వాతావరణంలోనూ, భూమికి రాత్రి వైపు సాగిన అయస్కాంతావరణపు తోకలోనూ ఇలాంటి పొరలుంటాయి. పొర చీలి, క్షేత్ర రేఖలు తెగి మళ్లీ వేరేవాటితో కలిసినప్పుడు అందులోని అయస్కాంత శక్తి కణాల వేగంగా, వేడిగా మారుతుంది; దీన్నే రీకనెక్షన్ అంటారు. అయితే భూమి తోకలో ప్లాస్మా ఎంత పలుచనంటే, అక్కడి కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడం దాదాపు ఉండదు. ఢీకొనడం లేకపోతే మామూలు విద్యుత్ నిరోధమూ లేనట్టే. మరి పొర ఎలా చీలుతుంది?

ఈ ప్రశ్నకు పునాది 1960లలో పడింది. ఎదురు క్షేత్రాల మధ్య నిలకడగా ఉండే పొరకు ఇ. జి. హారిస్ 1962లో కచ్చితమైన గణిత రూపం ఇచ్చాడు. మరుసటి ఏడాది ఫర్త్, కిలీన్, రోజెన్‌బ్లూత్ నిరోధమున్న పొరలు ముక్కలయ్యే తీరును, అంటే టేరింగ్ అస్థిరతను వివరించారు. ఐఎంపీ-1 ఉపగ్రహం పంపిన కొలతల ఆధారంగా భూమి తోకలో నిజంగానే అలాంటి పొర ఉందని నార్మన్ నెస్ 1965లో చూపాడు. నిరోధం లేకున్నా టేరింగ్ సాధ్యమేనని 1966లో కొప్పి, లవాల్, పెల్లా ప్రతిపాదించారు. అయితే వీరి లెక్కలు అస్థిరత మొలకెత్తే దశ వరకే చెప్పగలిగాయి. అది పెరిగి పెద్దదయ్యాక ఏమవుతుందో చూడాలంటే కంప్యూటరే దిక్కు.

కణాలను లెక్కలో నడిపించే పద్ధతి అప్పటికే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాంచెస్టర్‌లో హార్ట్రీ బృందంతో కలిసి మాగ్నెట్రాన్‌లోని ఎలక్ట్రాన్ల దారులను లెక్కగట్టిన ఆస్కార్ బునెమన్, తర్వాత ప్లాస్మా మీదికి మళ్లాడు. అయాన్ల మధ్య నుంచి ఎలక్ట్రాన్లు మరీ వేగంగా సాగితే ఆ ప్రవాహం అస్థిరమవుతుందని 1959లో కొన్ని వందల కణాల లెక్కతో చూపాడు. 1962లో ప్రిన్స్‌టన్‌లో జాన్ డాసన్ ఒకే దిశలో కదిలే నమూనాతో ఈ పనిని ముందుకు తీసుకెళ్లాడు.

తర్వాత స్థిరపడిన పద్ధతిలో స్థలాన్ని గళ్లుగా విడగొడతారు. లెక్కలోని ఒక్కో కణం అసలు కణాలెన్నింటికో ప్రతినిధి. ప్రతి అడుగులోనూ కణాల ఆవేశాన్ని, ప్రవాహాన్ని గళ్ల మూలలకు పంచి, అక్కడ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను లెక్కగట్టి, ఆ బలాలతో కణాలను కొంచెం ముందుకు జరుపుతారు. ఇదే వేలసార్లు తిరుగుతుంది.

చిక్కు ఎలక్ట్రాన్ దగ్గర వచ్చింది. ప్రోటాన్ దానికన్నా 1836 రెట్లు బరువు. అయాన్ల కదలికలు సాగే దూరాల కొలమానం ఎలక్ట్రాన్ల కొలమానానికి ఈ నిష్పత్తి వర్గమూలమంత, అంటే దాదాపు 43 రెట్లు పెద్దది. రెండింటినీ ఒకే గళ్లలో ఇరికించాలంటే ప్రతి దిశలోనూ గళ్ల సంఖ్య పెరుగుతుంది, కాలపు అడుగు కుదించుకుపోతుంది. అందుకే పరిశోధకులు ఎలక్ట్రాన్‌ను కావాలనే బరువెక్కించి, నిష్పత్తిని 16, 25, 100 లాంటి అంకెలకు దించేవారు. నిష్పత్తి 25 అయితే ఆ తేడా 5 రెట్లే.

ఈ రాజీకి మూల్యం 1990లలో బయటపడింది. 1996లో ప్రిచెట్, కొరోనిటి, డెసిక్ ఒకవైపు, జూ, వింగ్లీ మరోవైపు ప్రచురించిన త్రిమితీయ సిమ్యులేషన్లలో పొర మొత్తం గాలికి రెపరెపలాడే జెండాలా వంకర్లు పోయింది. దీనికి డ్రిఫ్ట్ కింక్ అస్థిరత అని పేరు. భూమి తోకలో అయస్కాంత ఉపతుపానులు మొదలవడానికి ఇదే కారణమేమోనన్న ఆశ రేగింది. కానీ నిష్పత్తి పెరిగే కొద్దీ ఈ అస్థిరత పెరిగే వేగం పడిపోతుందనీ, 1836 దగ్గర అది చాలా నెమ్మదిస్తుందనీ విలియం డాటన్ 1998-99లో సిద్ధాంతపరంగా తేల్చాడు. తెరమీద కనబడిన ఉధృతిలో పెద్ద భాగం బరువెక్కించిన ఎలక్ట్రాన్‌దే. అప్పుడు దృష్టి క్రాల్, లీవర్ 1971లో వివరించిన లోయర్ హైబ్రిడ్ డ్రిఫ్ట్ అస్థిరత వైపు మళ్లింది. అది పొర అంచుల్లోనే పుట్టినా, ముదిరాక లోపలి ప్రవాహాన్ని మార్చి కొత్త అస్థిరతలకు దారితీస్తుందని 2002-04 మధ్య లపెంటా, బ్రాక్‌బిల్, డాటన్, రిచీల పని చూపింది.

అన్ని ఫలితాలూ అలా కరిగిపోలేదు. 2001లో వెలువడిన జెమ్ రీకనెక్షన్ ఛాలెంజ్‌లో పలు బృందాలు ఒకే పొరను వేర్వేరు పద్ధతుల్లో నడిపి చూశాయి. నిష్పత్తి 25తో నడిచిన కణ సిమ్యులేషన్లు, అయాన్లను మాత్రమే కణాలుగా తీసుకున్న నమూనాలు, ప్లాస్మాను ద్రవంగా చూస్తూనే అయాన్లు, ఎలక్ట్రాన్లు విడివిడిగా కదలడాన్ని (హాల్ ప్రభావాన్ని) లెక్కలోకి తీసుకున్న నమూనాలు దాదాపు ఒకే రీకనెక్షన్ వేగాన్ని ఇచ్చాయి. కేవలం నిరోధం మీద ఆధారపడిన నమూనా మాత్రం చాలా వెనకబడింది.

యంత్రాల బలం పెరిగాక మూడు దిశల లెక్కలు విస్తరించాయి. పొర చీలడంతో పుట్టిన అయస్కాంత తాళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని అల్లకల్లోలంగా మారడాన్ని డాటన్ బృందం 2011లో చూపింది. 2012లో అమెరికాలోని హాపర్ యంత్రం మీద 1,20,000 కోర్లతో లక్ష కోట్ల కణాల రీకనెక్షన్ సిమ్యులేషన్ నడిచింది.

లెక్కలకు పరీక్ష అంతరిక్షంలోనే జరిగింది. 2015 మార్చిలో నాసా ప్రయోగించిన నాలుగు ఎంఎంఎస్ ఉపగ్రహాలు అదే ఏడాది అక్టోబరు 16న భూ అయస్కాంతావరణపు సరిహద్దు దగ్గర, ఎలక్ట్రాన్లు క్షేత్ర రేఖల పట్టు వీడే ప్రాంతం గుండా సాగాయి. అక్కడ ఎలక్ట్రాన్ల వేగాల పటంలో నెలవంక ఆకారాలు దొరికాయి. మైఖేల్ హెస్సె బృందం 2014లోనే సిమ్యులేషన్ల ఆధారంగా వాటిని ఊహించింది. అయినా అసలు నిష్పత్తితో, మూడు దిశల్లో, తోకంత పెద్ద స్థలాన్ని నడపడం ఇంకా భారమే. అందుకే తగ్గించిన అంకెలు నేటికీ వాడుకలో ఉన్నాయి. కాకపోతే ఒక అస్థిరతను నిజమని నమ్మే ముందు నిష్పత్తిని మార్చి మార్చి నడిపి చూడటం ఈ రంగంలో ఆనవాయితీ అయింది.