గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మెమరీ పెంపుదల

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో మెమరీ పెంపుదల అనగా ఆటల కోసం తయారైన అధిక సామర్థ్యపు ల్యాప్‌టాప్ కంప్యూటరులో కర్మాగారం నుండి వచ్చిన ర్యామ్‌కు మరికొంత ర్యామ్ చేర్చడం, లేదా పాత ర్యామ్ తీసివేసి దాని స్థానంలో కొత్తది అమర్చడం. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరును, గ్రాఫిక్స్ చిప్‌ను సాధారణంగా మార్చడానికి వీలుండదు. కొన్న తరువాత యజమాని మార్చుకోగలిగిన ముఖ్య భాగాలు రెండే: నిల్వ డ్రైవు, ర్యామ్. అందువలన ఈ యంత్రాల ఆయుష్షును పెంచడంలో మెమరీ పెంపుదలకు ప్రాధాన్యం ఉన్నది.

మెమరీ పెంపుదలలను పోల్చేటప్పుడు నాలుగు అంశాలను పరిశీలిస్తారు. అవి మొత్తం సామర్థ్యం, చానెళ్ళ సంఖ్య, మాడ్యూల్ అంతర్నిర్మాణం, వేగం. ప్రకటనలలో వేగానికి పెద్దపీట వేసినప్పటికీ, ఆటల పనితీరుపై ప్రభావాన్ని బట్టి చూస్తే ఎక్కువ సందర్భాలలో దాని స్థానం చివరిదే.

నేపథ్యం

నేటి ర్యామ్‌కు మూలమైన డీర్యామ్‌ను ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ 1966లో రూపొందించాడు. దీనికి 1968లో పేటెంటు లభించింది. 1970లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 1103 అనే చిప్ ఒక కిలోబిట్ సమాచారాన్ని దాచగలిగేది. ప్రతి బిట్‌కు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు సరిపోవడం డెన్నార్డ్ పద్ధతిలోని విశేషం. కెపాసిటరులోని విద్యుదావేశం క్రమంగా కారిపోతుంది కనుక దానిని పదేపదే నింపుతూ ఉండాలి. కంప్యూటరు ఆపగానే ర్యామ్‌లోని సమాచారం పోవడానికి కారణం ఇదే.

ర్యామ్‌కు, నిల్వ డ్రైవుకు గల తేడాను చదువుకునే బల్ల, పుస్తకాల బీరువాలతో పోల్చవచ్చును. బల్ల మీద తెరచి ఉన్న పుస్తకాన్ని వెంటనే చదవవచ్చు. బల్ల చాలనప్పుడు ఒక పుస్తకాన్ని బీరువాలో పెట్టి మరొకటి తెచ్చుకోవాలి. ర్యామ్ నిండినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కొంత సమాచారాన్ని డ్రైవులోకి పంపి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. ర్యామ్ నుండి సమాచారం అందడానికి పట్టే కాలాన్ని నానోసెకన్లలోను, మంచి ఎస్ఎస్‌డీ నుండి అందడానికి పట్టే కాలాన్ని మైక్రోసెకన్లలోను లెక్కిస్తారు. ఈ రెండింటి మధ్య అంతరం కొన్ని వందల రెట్లు ఉంటుంది. ఆట మధ్యలో తెర క్షణకాలం బిగుసుకుపోవడానికి తరచుగా ఇదే కారణమవుతుంది.

మాడ్యూల్ తరాలు

ల్యాప్‌టాప్‌లలో వాడే ర్యామ్ పలకను సో-డిమ్ అంటారు. దీని పొడవు దాదాపు 7 సెంటీమీటర్లు, అంటే డెస్క్‌టాప్ పలకలో సుమారు సగం. వీటి ప్రమాణాలను జెడెక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. ప్రధాన తరాల వివరాలు ఈ క్రింది పట్టికలో ఉన్నాయి.

| తరం | ప్రమాణం వెలువడిన సంవత్సరం | సో-డిమ్ పిన్నులు | వోల్టేజి | ఉదాహరణ వేగం | ఒక మాడ్యూల్ బ్యాండ్‌విడ్త్ (సెకనుకు) |
|---|---|---|---|---|---|
| డీడీఆర్2 | 2003 | 200 | 1.8 | 800 | 6.4 గిగాబైట్లు |
| డీడీఆర్3 | 2007 | 204 | 1.5 | 1600 | 12.8 గిగాబైట్లు |
| డీడీఆర్4 | 2012 | 260 | 1.2 | 3200 | 25.6 గిగాబైట్లు |
| డీడీఆర్5 | 2020 | 262 | 1.1 | 5600 | 44.8 గిగాబైట్లు |

ఇందులో వేగం అనగా సెకనుకు జరిగే బదిలీల సంఖ్య, మిలియన్లలో. ఒక్కొక్క బదిలీలో 64 బిట్లు, అంటే 8 బైట్లు వెళ్తాయి కనుక వేగాన్ని 8తో గుణిస్తే బ్యాండ్‌విడ్త్ వస్తుంది. దుకాణాలలో ఈ సంఖ్యను మెగాహెర్ట్జ్ అని వ్యవహరించడం పరిపాటి. నిజానికి ఒక్కొక్క గడియార స్పందనకు రెండు బదిలీలు జరుగుతాయి కాబట్టి అసలు పౌనఃపున్యం ఇందులో సగమే.

ఒక తరం మాడ్యూల్ మరొక తరం స్లాటులో పనిచేయదు. పొరపాటున అమర్చకుండా పలక అంచున ఉండే గాడిని ఒక్కొక్క తరానికి ఒక్కొక్క చోట పెట్టారు. కావున డీడీఆర్4 ల్యాప్‌టాప్‌ను డీడీఆర్5కు మార్చడం సాధ్యం కాదు.

పోల్చవలసిన అంశాలు

సామర్థ్యం

ఆటల అవసరాలు ఏటేటా పెరుగుతున్నాయి. 2015లో కంప్యూటర్లకు విడుదలైన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5కు కనీసం 4 గిగాబైట్లు, సిఫారసుగా 8 గిగాబైట్ల ర్యామ్ అని తయారీదారులు ప్రకటించారు. సైబర్‌పంక్ 2077 ఆటకు 2023లో సవరించిన లెక్క ప్రకారం కనీసం 12 గిగాబైట్లు, సిఫారసుగా 16 గిగాబైట్లు కావాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు కనీసం 16, సిఫారసుగా 32 గిగాబైట్లు.

సామర్థ్యం చాలనప్పుడు మిగిలిన మూడు అంశాలు ఎంత మెరుగైనా ప్రయోజనం ఉండదు. అయితే చాలినంత ఉన్న తరువాత మరింత చేర్చినా ఆట వేగం పెరగదు. 16 గిగాబైట్ల యంత్రంలో ఆట నడుస్తుండగా 10 గిగాబైట్లే వాడుకలో ఉంటే, దానిని 32కు పెంచినంత మాత్రాన సెకనుకు చూపే ఫ్రేముల సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు రాదు.

చానెళ్ళు

సాధారణ ల్యాప్‌టాప్ ప్రాసెసరుకు మెమరీతో 64 బిట్ల వెడల్పు గల రెండు మార్గాలు ఉంటాయి. ఒకే మాడ్యూల్ అమర్చితే ఒక మార్గం ఖాళీగా మిగిలిపోతుంది. రెండు మాడ్యూళ్ళు అమర్చినప్పుడు వెడల్పు 128 బిట్లు అవుతుంది. డీడీఆర్4-3200 మాడ్యూల్ ఒకటి ఉంటే సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు ఉంటే 51.2 గిగాబైట్లు. ఒంటరి డీడీఆర్5-4800 మాడ్యూల్ ఇవ్వగలిగినది 38.4 గిగాబైట్లే. అనగా కొత్త తరపు ఒక మాడ్యూల్ కంటె పాత తరపు రెండు మాడ్యూళ్ళ బ్యాండ్‌విడ్త్ ఎక్కువ.

తక్కువ ధర కనిపించడానికి కొన్ని ల్యాప్‌టాప్‌లను ఒకే మాడ్యూల్‌తో అమ్ముతారు. ఇటువంటి యంత్రానికి అదే రకపు రెండవ మాడ్యూల్ చేర్చడం అన్ని పెంపుదలలలోను లాభసాటి అయినది. దీనివలన సామర్థ్యం, బ్యాండ్‌విడ్త్ రెండూ రెట్టింపవుతాయి.

రెండు మాడ్యూళ్ళ పరిమాణం సమానంగా లేకపోయినా చాలా యంత్రాలు పనిచేస్తాయి. 8, 16 గిగాబైట్ల మాడ్యూళ్ళు కలిపి అమర్చితే మొత్తం 24లో మొదటి 16 గిగాబైట్లు రెండు మార్గాల మీదుగా, మిగిలిన 8 ఒకే మార్గం మీదుగా నడుస్తాయి. వేగాలు వేరైతే రెండూ నెమ్మది మాడ్యూల్ వేగానికే దిగుతాయి.

డీడీఆర్5లో ప్రతి మాడ్యూల్ లోపల 32 బిట్ల ఉపమార్గాలు రెండు ఉంటాయి. దీనిని చూసి ఒక్క మాడ్యూల్‌తోనే రెండు చానెళ్ళు వచ్చినట్లు భావించడం సరికాదు. మొత్తం వెడల్పు అప్పటికీ 64 బిట్లే.

మాడ్యూల్ అంతర్నిర్మాణం

సామర్థ్యం, వేగం ఒకటే అయిన రెండు మాడ్యూళ్ళు ఒకే పనితీరు చూపాలని లేదు. మాడ్యూల్ చీటీ మీద 1ఆర్‌ఎక్స్8, 1ఆర్‌ఎక్స్16, 2ఆర్‌ఎక్స్8 వంటి గుర్తులు ఉంటాయి. ఇందులో మొదటి అంకె ర్యాంకుల సంఖ్యను, చివరిది ఒక్కొక్క చిప్ వెడల్పును సూచిస్తాయి. ఒక ర్యాంకు అనగా 64 బిట్ల వెడల్పును పూర్తిచేసే చిప్‌ల సమూహం. దీనికి 8 బిట్ల చిప్‌లు ఎనిమిది, లేదా 16 బిట్ల చిప్‌లు నాలుగు కావాలి.

డీడీఆర్4లో 8 బిట్ల చిప్‌కు నాలుగు బ్యాంక్ గ్రూపులు, 16 బిట్ల చిప్‌కు రెండే ఉంటాయి. గ్రూపులు తక్కువైతే ఒక పని పూర్తికాకుండా మరొక పని మొదలుపెట్టే వీలు తగ్గుతుంది. అందువలన 1ఆర్‌ఎక్స్16 మాడ్యూళ్ళు ప్రాసెసరు మీద భారం ఎక్కువగా ఉండే ఆటలలో వెనుకబడతాయి. 8 గిగాబైట్ల మాడ్యూళ్ళలో ఈ రకం తరచుగా కనిపిస్తుంది. డీడీఆర్5లోనూ 8 గిగాబైట్ల మాడ్యూళ్ళు సాధారణంగా 16 బిట్ల చిప్‌లతోను, 16 గిగాబైట్లవి 8 బిట్ల చిప్‌లతోను వస్తాయి. రెండు 8ల స్థానంలో రెండు 16లు అమర్చినప్పుడు సామర్థ్యం అవసరం లేని ఆటలోనూ కొంత మెరుగుదల కనిపించడానికి ఇది ఒక కారణం.

వేగము, జాప్యము

బావి నుండి నీరు తోడేటప్పుడు మొదటి బొక్కెన పైకి రావడానికి పట్టే సమయం ఒకటి, గంటలో తోడగలిగిన నీరు మరొకటి. మెమరీలో మొదటిదానిని జాప్యం అని, రెండవదానిని బ్యాండ్‌విడ్త్ అని అంటారు. జాప్యాన్ని సీఎల్ అనే సంఖ్యతో తెలుపుతారు. సీఎల్ సంఖ్యను 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానోసెకన్లలో జాప్యం వస్తుంది.

* డీడీఆర్3-1600, సీఎల్11: 13.75 నానోసెకన్లు
* డీడీఆర్4-3200, సీఎల్22: 13.75 నానోసెకన్లు
* డీడీఆర్4-3200, సీఎల్20: 12.5 నానోసెకన్లు
* డీడీఆర్5-4800, సీఎల్40: సుమారు 16.7 నానోసెకన్లు
* డీడీఆర్5-5600, సీఎల్46: సుమారు 16.4 నానోసెకన్లు

పై లెక్కను బట్టి తరాలు మారినప్పుడు బ్యాండ్‌విడ్త్ పెరిగినంతగా జాప్యం తగ్గలేదని తెలుస్తుంది. ఒకే తరంలో 4800కు బదులు 5600 కొంటే జాప్యంలో వచ్చే తేడా ఒక నానోసెకను లోపే. పైగా చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో మెమరీ వేగాన్ని పెంచే వీలు ఉండదు. అట్టి యంత్రంలో ఎక్కువ వేగపు మాడ్యూల్ అమర్చినా, ప్రాసెసరు అనుమతించిన జెడెక్ వేగంతోనే నడుస్తుంది. అదనంగా చెల్లించిన సొమ్ము వృథా అవుతుంది.

పెంచడానికి వీలుగల, వీలుకాని యంత్రాలు

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ చిప్‌లను మదర్‌బోర్డుకే టంకం వేస్తారు. పలుచదనానికి, విద్యుత్ పొదుపుకు, ఎల్‌పీడీడీఆర్ రకపు మెమరీని అధిక వేగంతో నడపడానికి ఈ పద్ధతి ఉపకరిస్తుంది. కాని కొన్న నాటి సామర్థ్యమే యంత్రం ఉన్నంతకాలం మిగులుతుంది. చిప్ చెడిపోతే మదర్‌బోర్డునే బాగుచేయించాలి లేదా మార్చాలి.

ఒకే శ్రేణిలో కాలక్రమేణా ఈ మార్పు జరగడానికి ఆసుస్ రోగ్ జెఫిరస్ జీ14 ఉదాహరణ. 2020 నమూనాలో కొంత మెమరీ టంకం వేసి ఉండగా, దానితోపాటు ఒక డీడీఆర్4 స్లాట్ ఉండేది. 2024 నమూనాలో మెమరీ అంతా టంకం వేసినదే, స్లాట్ లేదు. ఇందుకు భిన్నంగా 2020 నాటి లెనోవో లీజియన్ 5లో రెండు స్లాట్లు ఉన్నాయి. 2022లో వచ్చిన ఎంఎస్ఐ టైటాన్ జీటీ77లో నాలుగు స్లాట్లు ఉండి, 128 గిగాబైట్ల వరకు అమర్చుకునే అవకాశం ఉన్నది. అయితే నాలుగు స్లాట్లూ నింపినప్పుడు సంకేతాల స్థిరత్వం కోసం ఇటువంటి యంత్రాలు మెమరీ వేగాన్ని తగ్గిస్తాయి.

గ్రాఫిక్స్ చిప్‌కు గల ప్రత్యేక మెమరీ వేరు. అది కూడా టంకం వేసినదే. ర్యామ్ ఎంత పెంచినా 6 గిగాబైట్ల గ్రాఫిక్స్ మెమరీ 8 కాదు. ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ లేని ల్యాప్‌టాప్‌లు మాత్రం ర్యామ్‌నే బొమ్మలకూ వాడుకుంటాయి కనుక వాటికి రెండవ చానెల్ వలన కలిగే మేలు మరింత ఎక్కువ.

సాధారణ పెంపుదలల పోలిక

* ఒక 8 నుండి రెండు 8లు: తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం. రెండవ స్లాట్ ఖాళీగా ఉండాలి.
* రెండు 8ల నుండి రెండు 16లు: పాత మాడ్యూళ్ళు రెండూ తీసివేయాలి కనుక ఖర్చు ఎక్కువ. ఆటతోపాటు బ్రౌజరు, రికార్డింగు వంటివి నడిపేవారికి ఉపయోగకరం.
* ఒక 16 నుండి రెండు 16లు: సామర్థ్యం, చానెల్ రెండూ కలిసివస్తాయి. మొదట కొనేటప్పుడే ఒక 16 ఉన్న యంత్రాన్ని ఎంచుకుంటే తరువాత ఏదీ పారవేయనక్కరలేదు.
* 32 నుండి 64: ఆటలకు సాధారణంగా అవసరం ఉండదు. వీడియో కూర్పు, వర్చువల్ మెషీన్లు, పెద్ద గణన పనులు చేసేవారికి పనికివస్తుంది.
* అదే సామర్థ్యంలో ఎక్కువ వేగం: ఖర్చుకు తగిన ఫలితం అరుదు.

పెంచే ముందు పరిశీలన

ముందుగా ల్యాప్‌టాప్ నెమ్మదించడానికి మెమరీయే కారణమా అని తేల్చుకోవాలి. వేడి వలన ప్రాసెసరు వేగం తగ్గడం, గ్రాఫిక్స్ మెమరీ నిండడం కూడా ఇటువంటి లక్షణాలనే చూపుతాయి. విండోస్‌లోని టాస్క్ మేనేజరులో మెమరీ పుట తెరచి, ఆట నడుస్తుండగా వాడుకను గమనించాలి. ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో, మెమరీ ఏ వేగంతో నడుస్తున్నదో కూడా అక్కడ తెలుస్తుంది. లినక్స్‌లో ఇందుకు డీఎంఐడీకోడ్ అనే ఆదేశం ఉన్నది. చానెళ్ళ వివరం సీపీయూ-జీ వంటి ఉపకరణంలో కనిపిస్తుంది. గరిష్ఠ సామర్థ్యం కొరకు తయారీదారు ఇచ్చిన పుస్తకం చూడాలి. అడుగు మూత తెరిస్తే వారంటీ చెల్లుతుందా లేదా అన్నది సంస్థను బట్టి మారుతుంది కనుక ముందే విచారించుకోవాలి.

అమర్చే విధానం

1. కంప్యూటరు పూర్తిగా ఆపి, చార్జరు తీసివేయాలి.
2. అడుగు మూత తీసి, బ్యాటరీ తీగను మదర్‌బోర్డు నుండి వేరుచేయాలి.
3. శరీరంలోని స్థిర విద్యుత్తు పోయేందుకు నేలకు అనుసంధానమైన లోహపు వస్తువును తాకాలి. చేతికి తెలియనంత స్వల్ప విద్యుత్తు కూడా చిప్‌ను పాడుచేయగలదు.
4. ఇరువైపులా ఉన్న కొక్కేలను బయటకు జరిపితే పాత మాడ్యూల్ పైకి లేస్తుంది.
5. కొత్త మాడ్యూల్ గాడిని సరిచూసి, ఏటవాలుగా స్లాటులోకి నెట్టి, కొక్కేలు పట్టుకునే వరకు క్రిందికి నొక్కాలి. బలవంతం చేయరాదు.
6. బ్యాటరీ తీగ, మూత తిరిగి బిగించి కంప్యూటరు ఆన్ చేయాలి.

డీడీఆర్5 యంత్రాలు కొత్త మాడ్యూల్‌ను మొదటిసారి గుర్తించేటప్పుడు తెర కొన్ని నిమిషాల పాటు నల్లగా ఉండవచ్చును. దీనిని మెమరీ శిక్షణ అంటారు. కంగారుపడి మధ్యలో ఆపివేయరాదు. తరువాత మెమ్‌టెస్ట్86 వంటి ఉపకరణంతో పరీక్షించడం మంచిది. లోపమున్న మాడ్యూల్ వెంటనే బయటపడక, దస్త్రాలను నెమ్మదిగా పాడుచేసే ప్రమాదమున్నది.

ధరలు, తయారీదారులు

ప్రపంచంలో డీర్యామ్ చిప్‌లను అధికభాగం తయారుచేసే సంస్థలు మూడు. అవి దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. మాడ్యూళ్ళ మీద వేరే పేర్లున్నా లోపలి చిప్‌లు సాధారణంగా వీటివే. మైక్రాన్‌కు హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం కలదు.

డీర్యామ్ ధరలు గిరాకీని బట్టి విపరీతంగా మారుతుంటాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వలన 2025 ద్వితీయార్ధంలో ఇవి బాగా పెరిగాయి. అదే సంవత్సరం డిసెంబరులో, క్రూషియల్ పేరుతో వినియోగదారులకు అమ్ముతున్న మెమరీ వ్యాపారం నుండి వైదొలగుతున్నట్లు మైక్రాన్ ప్రకటించింది. ఇట్టి పరిస్థితిలో అవసరం నిర్ధారించుకొని కొనడం మరింత ముఖ్యమైనది.

కొత్త ప్రమాణాలు

సో-డిమ్ స్లాటు ఎత్తు, దాని తీగల పొడవు అధిక వేగానికి ఆటంకమవుతున్నాయి. దీనికి ప్రత్యామ్నాయంగా డెల్ సంస్థ 2022లో కామ్ అనే పలుచని మాడ్యూల్‌ను తన ప్రెసిషన్ ల్యాప్‌టాప్‌లలో ప్రవేశపెట్టింది. జెడెక్ దీనిని అభివృద్ధి చేసి 2023 డిసెంబరులో కామ్2 ప్రమాణంగా ప్రకటించింది. దీని ఒక్క మాడ్యూల్‌తోనే 128 బిట్ల పూర్తి వెడల్పు లభించగలదు. ఎల్‌పీడీడీఆర్ చిప్‌లతో కూడిన ఎల్‌పీకామ్2 మాడ్యూల్‌ను 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడవ తరంలో వాడారు. అంతవరకు టంకం వేయక తప్పదనుకున్న మెమరీని మరలతో బిగించి, విప్పి, మార్చుకునే వీలు దీనివలన కలిగింది.

ఇవి కూడా చూడండి

* ర్యామ్
* ల్యాప్‌టాప్
* మదర్‌బోర్డు
* గ్రాఫిక్స్ కార్డు
* ఎస్ఎస్‌డీ